దిగ్దంతికి స్వాగతం

బోర్డులు రాసే పెయింటర్‌ని ఎవరైనా కదిపి, నీ బతుకు ఇలా ఎందుకయిందని అడిగితే, ఆలోచించకుండా ఒక్క పేరే చెబుతాడు: నిఘంటువు. అది పుస్తకం పేరు కాదు, వాళ్ళ అక్క మొగుడి పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, ప్రెస్సులో పాతికేళ్ళు ప్రూఫులు దిద్దాక దాంతో పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఆయన దగ్గర ఒక పెద్ద నిఘంటువు ఉంది. అయిదు సంపుటాల్లో ఆయన దగ్గరున్నది ఒక్కటే, మూడోది. అట్ట మీద 'త నుంచి న వరకు' అని ఉంటుంది. అందువల్ల ఆయన నోట వచ్చే గొప్ప మాటలన్నీ త, ద, ధ, న అక్షరాలతోనే మొదలవుతాయి. మిగతా అక్షరాల విషయంలో ఆయనా మనలాంటివాడే. ఈ సంగతి పెయింటర్‌కి ఆలస్యంగా తెలిసింది. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇలాంటివి ఆలస్యంగానే తెలుస్తాయి.

ఆ రోజు పొద్దున్న పెయింటర్ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఎనిమిదింటికల్లా బోర్డు రాయడం ముగించాలి. పదింటికి దాన్ని మార్కెట్లో కొత్తగా పెట్టిన లిఫ్టు తలుపు పైన తగిలించాలి. పదకొండింటికి మార్కెట్ సంఘం అధ్యక్షుడు రిబ్బను కత్తిరించి, బోర్డు చదువుకుని, ముఖం విప్పారించుకున్న క్షణంలో కాగితం సంగతి అడగాలి.

ఆ కాగితం మెట్ల కింది చోటు తాలూకుది. మార్కెట్లో పైకి వెళ్ళే మెట్ల కింద ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న చోటులో పెయింటర్ పంతొమ్మిదేళ్ళుగా కుంచెలు పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఏటేటా అధ్యక్షుడు సంతకం పెడితేనే ఆ చోటు ఉంటుంది. ఈ ఏడాది పక్కనున్న జిరాక్సువాడికి రెండో మిషను పెట్టాలని కోరిక పుట్టింది. వాడు టేపు పట్టుకుని వచ్చి రెండుసార్లు కొలుచుకుని పోయాడు. రెండోసారి కొలిచేటప్పుడు టేపు రెండో కొస పెయింటర్ చేతికే ఇచ్చి పట్టుకోమన్నాడు. దాంతో పెయింటర్‌కి నిద్ర కరువైంది. పదేళ్ళకి ఒకేసారి రాసిమ్మని కాగితం తయారుచేసి, వారం క్రితమే అధ్యక్షుడి చేతిలో పెట్టాడు.

"చూద్దాం," అన్నాడు అధ్యక్షుడు, ముందు రోజు మళ్ళీ అడిగితే. "ముందు నువ్వు రాయబోయే బోర్డు చూడనీ. ఎదుటి మార్కెట్ వాడికి దిగ్గజం అని రాశావంటగా."

"వాళ్ళే అడిగారండి."

"నాకు దానికన్నా పెద్దది రాయి. రాశాక నీ కాగితం మీద నా చేవ్రాలు ఉంటుంది."

చేవ్రాలు అన్న మాట విని పెయింటర్ ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళూ ఈయన సంతకం అనే అనేవాడు. ఉన్నట్టుండి ఇలాంటి మాటలు వాడుతున్నాడంటే గ్రంథాలేవో చదువుతున్నాడని, ఆయనకి ఇప్పుడు మామూలు పదం ఆనదని అనుకుని, తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు.

నిజానికి అధ్యక్షుడు చదువుతున్నదేమీ లేదు. ఆయన పై వరసలో ముందరి పళ్ళు నాలుగు ఊడి, వాటి స్థానంలో పళ్ళసెట్టు వచ్చింది. మార్కెట్లోనే రెండో అంతస్తులో ఉన్న పళ్ళ డాక్టరు గుట్టుగా పెట్టాడు. ఇంట్లో భార్యకి, ఆ డాక్టరుకి తప్ప ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. సెట్టు ఇంకా కుదురుకోలేదు. స అక్షరం వచ్చిన చోటల్లా నోట్లోంచి ఈల వస్తోంది. అందుకని ఆయన సంతకాన్ని వదిలేసి చేవ్రాలు పట్టుకున్నాడు. నూటపది దుకాణాలున్న మార్కెట్‌ని ఆయన పదకొండేళ్ళుగా ఏలుతున్నది రెండింటితోనే. ఒకటి గొంతు, రెండోది మరుగుదొడ్డి తాళంచెవి. అంత మార్కెట్‌కీ ఒకటే మరుగుదొడ్డి. ఎవరికి అవసరం వచ్చినా ఆయన దుకాణం ముందు నిలబడి, ఆయన ఫోను మాట్లాడటం అయ్యేదాకా ఆగి, తాళంచెవి అడిగి తీసుకోవాలి. అలాంటి మనిషి ఈల వేస్తున్నాడని తెలిస్తే ఎవరు లెక్కచేస్తారు?

అక్క ఇంట్లో నిఘంటువు ఒళ్ళో సంపుటం పెట్టుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"బలవంతులకి, పెద్దవాళ్ళకి వాడే పదం కావాలి. అంతేనా?"

"అవును బావగారూ. ఎవరూ వాడందై ఉండాలి."

"దండనాథుడు."

"దండన అని ముందే ఉంది కదండీ. జరిమానాలు గుర్తొస్తాయి జనానికి."

"ధురంధరుడు. ఎంత బరువైనా మోసేవాడని."

"మా వాచ్‌మన్ దాన్ని దురద అని చదువుతాడు."

"మీ వాచ్‌మన్ కోసం భాషని మార్చమంటావా ఏమోయ్," అని నిఘంటువు వెనక్కి కొన్ని కాగితాలు తిప్పి, వేలు ఒకచోట ఆనించాడు. "ఇదిగో. దిగ్దంతి. దిక్కు, దంతి. దంతి అంటే దంతాలు కలది, ఏనుగు. దిక్కుల్ని మోసే ఏనుగన్న మాట. మహా పండితుల్ని, మహా ఘనుల్ని దిగ్దంతులు అంటారు."

"దిగ్గజం కన్నా పెద్దదేనా?"

"అదే ఏనుగు. కాకపోతే దాన్ని అందరూ తోలారు, దీన్ని ఎవరూ తోలలేదు."

"కింద చిన్న అక్షరాలతో అర్థం కూడా రాసెయ్యనా?"

"బోర్డు మీద అర్థం రాయడమంత అవమానం ఇంకోటి లేదు. తెలియనివాడు వెతుక్కుంటాడు. పిలుస్తున్నావు కాబట్టి దీర్ఘం మాత్రం మర్చిపోకు. దిగ్దంతీ."

"ముందు వాణ్ణి కాస్త అన్నం తిననివ్వండి," అంది లోపలి నుంచి అక్క.

పెయింటర్ తినలేదు. మాట మర్చిపోతానేమోనని దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చాడు.

మర్నాడు అనుకున్నట్టే ఎనిమిదింటికి బోర్డు తయారైంది. తెల్లటి ప్లైవుడ్ మీద ఎర్రరంగు, మూడు వరసలు:

అధ్యక్షా!
దిగ్దంతీ!
స్వాగతం!

గ కింద ద వత్తుని పెయింటర్ కుంచె ఒక్క ఊపులో తిప్పాడు. పంతొమ్మిదేళ్ళలో అంత అందమైన వత్తు ఆ చేతి నుంచి రాలేదు. రంగు ఇంకా పచ్చిగానే ఉన్నా, పదింటికి దాన్ని లిఫ్టు తలుపు పైన గోడ మేకులకి తగిలించాడు. ఆ పక్కనే గోడమీద నాలుగేళ్ళ క్రితం తను రాసిన ఇంకో బోర్డు ఉంది. దాని మీద తలకాయంత దంతం బొమ్మ, 'దంత వైద్యశాల, రెండవ అంతస్తు' అన్న అక్షరాలు, పైకి చూపించే బాణం గుర్తు ఉన్నాయి. రెండు బోర్డులూ ఒకే చేతివి కావడంతో, ఒకే మనిషివిలా కనబడుతున్నాయి. అది పెయింటర్ గమనించలేదు.

మొదట చదివినవాడు వాచ్‌మన్.

"దిగ్... దంతీ. అంటే దంతాలు దిగిపోయినాయనా?"

"కాదు. దిక్కుల్ని మోసే ఏనుగు."

"మరి ఏనుగనే రాయొచ్చుగా."

"ఏనుగని రాస్తే కొడతాడు."

"ఇట్లా రాస్తే కొట్టడా?" అన్నాడు వాచ్‌మన్, నిజంగా తెలుసుకోవాలనే.

తర్వాత స్టీలు సామాన్ల దుకాణం ఆవిడ వచ్చింది. మార్కెట్లో అందరికీ ఆవిడ పిన్నే. కళ్ళజోడు దుకాణంలో మర్చిపోయి వచ్చిన మనిషి, రెండు బోర్డుల్నీ కలిపి ఒక్కటిగా చదివేసింది.

"పళ్ళ డాక్టరుగారికి స్వాగతమా? అయితే లిఫ్టు ఆయనే పెట్టించాడన్న మాట. నాకు ఎడంపక్క దవడ పన్ను లాగుతోంది రా. ఇవాళ ఊరికే చూస్తాడా?"

"పిన్నీ, అది డాక్టరు కాదు, ఏనుగు," అన్నాడు పెయింటర్, నిచ్చెన సర్దుకుంటూ.

"డాక్టర్ని పట్టుకుని ఏనుగంటావేంటి, తప్పు కాదూ," అని ఆవిడ పక్క దుకాణాల్లో చెప్పి రావడానికి వెళ్ళిపోయింది.

పదిన్నరయ్యేసరికి రెండో అంతస్తులో ఉచితంగా పళ్ళు చూస్తున్నారనే మాట మార్కెట్ చివరిదాకా పాకింది. లిఫ్టు ముందు వరస తయారైంది. ఒకడు కుడి చెంప, ఇంకొకడు ఎడం చెంప, రెడీమేడ్ దుకాణం ముసలాయన రెండు చెంపలూ పట్టుకుని నిలబడ్డారు. పిన్ని వరసలో ముందుంది. పన్ను లేకపోయినా చూపించుకోవచ్చా అని వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు.

సరిగ్గా ఆ సమయానికి అధ్యక్షుడు వచ్చాడు. ఎప్పటిలాగే తాళంచెవుల గుత్తిని చూపుడు వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. ఎదురుగా ముప్పైమంది బుగ్గలు పట్టుకుని ఆయన మొహంలోకి చూశారు. గుత్తి తిరగడం ఆగింది. ఆయన తలెత్తి బోర్డు చదివాడు, పక్కనున్న దంతం బొమ్మ చూశాడు, మళ్ళీ బోర్డు చదివాడు. తర్వాత పెయింటర్‌ని భుజం పట్టుకుని మెట్ల కిందికి తీసుకెళ్ళి, జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవడు చెప్పాడు నీకు?"

పదం నచ్చిందని పెయింటర్‌కి గుండె నిండిపోయింది.

"మా బావగారండి."

"ఆయనకెట్లా తెలిసింది?"

"ఆయనకి తెలియందంటూ ఉండదండి. నిన్న కూర్చోబెట్టి రెండు ముక్కలుగా ఊడదీసి చూపించారు. ముందు భాగం వేరు, వెనక భాగం వేరు, రెండూ కలిపి బిగిస్తేనే నిండుదనం వస్తుందన్నారు."

అధ్యక్షుడు జేబురుమాలు ఇంకాస్త అదుముకున్నాడు.

"ఇంకా ఎవరెవరికి తెలుసు?"

"ఇన్నాళ్ళూ పెద్ద పెద్ద చదువులవాళ్ళకేనండి. ఇవాళ్టితో మార్కెట్టంతా తెలిసిపోతుంది. మీ వయసుకి, మీ హోదాకి అది ఉండాల్సిందేనండి. ఎదుటి మార్కెట్ ఆయనకి మామూలుదే ఉంది. మీది అరుదైన రకం."

"ఆ దంతాలు తీసెయ్."

"ఏ దంతాలండి?"

"బోర్డు మీదవి. పది నిమిషాల్లో అక్కడ దంతమన్న మాట కనపడకూడదు. కనపడితే ఈ మెట్ల కింద నువ్వు కనపడవు."

ఇంత కోపంగా, ఇంత మెల్లగా అధ్యక్షుడు మాట్లాడటం పెయింటర్ ఎప్పుడూ వినలేదు. ఆయన అక్కడి నుంచి మెట్లెక్కి, గుట్టు బయటపెట్టినందుకు డాక్టర్ని నిలదీద్దామని రెండో అంతస్తుకి వెళ్ళాడు. డాక్టరు ఒట్టేసి ఎవరికీ చెప్పలేదన్నాడు. అధ్యక్షుడి మాటల్లో మూడు ఈలలు వచ్చేసరికి, ఉపన్యాసం ముందు కాస్త అరగదీసి ఇస్తానని సెట్టు తీసి చేతిలోకి తీసుకున్నాడు.

కింద పెయింటర్ నిచ్చెన వేశాడు. గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి రెండో వరస మీద పడ్డాడు. సున్నా తుడిచాడు, తీ తుడిచాడు. మిగిలింది గ కింద వత్తు. పచ్చి రంగు మీద గుడ్డ ఒత్తి కుడివైపుకి లాగేసరికి, వత్తు కిందనుంచి జారి, గ పక్కన చక్కగా వంపు తిరిగి, తోకలా నిలబడింది. అక్షరాలు నేర్చిన ప్రతివాడూ దాన్ని కొమ్ము అంటాడు. దంతాలు ఊడదీసిన చోట కొమ్ము మొలిచింది. కొసన ఉన్న ఆశ్చర్యార్థకాన్ని తుడవమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పెయింటర్ దాన్ని ముట్టుకోలేదు. నిచ్చెన మీద ముక్కు అక్షరాలకి ఆనేంత దగ్గరగా ఉండటంతో, మొత్తం బోర్డు ఇప్పుడు ఎలా ఉందో అతనికి కనబడలేదు. వరసలో ఉన్నవాళ్ళకి బాగా కనబడింది.

అధ్యక్షా!
దిగు!
స్వాగతం!

జిరాక్సువాడు దాన్ని మొదట లోపల, తర్వాత పైకి చదివాడు. తనకన్నా ధైర్యవంతుడు ఈ మార్కెట్లో ఉన్నాడని వాడికి అంతవరకు తెలియదు.

"పెయింటరూ, నువ్వే రాశావా?" అన్నాడు.

"నా చేత్తోనే. ఆయనే దగ్గరుండి మార్పించాడు," అన్నాడు పెయింటర్ వెనక్కి తిరగకుండా.

"ఆయనే మార్పించాడా?" జిరాక్సువాడు వరస వైపు తిరిగాడు. "విన్నారా? ఆయనకే దిగిపోవాలని ఉందంట."

వరసలో గోల లేచింది. కాసేపటికి లిఫ్టు పై నుంచి బయల్దేరినట్టు తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. తలుపుకి అడ్డంగా నిచ్చెన, నిచ్చెన మీద మనిషి. వాచ్‌మన్ కంగారుపడ్డాడు.

"దిగు," అన్నాడు పెయింటర్‌తో. పెయింటర్ తోకని ఇంకొంచెం నున్నగా చేస్తున్నాడు. "దిగు, దిగు," అని వాచ్‌మన్ గొంతు పెంచాడు.

వరస వెనక ఉన్నవాళ్ళకి వాచ్‌మన్ కనబడలేదు, మాట మాత్రం వినబడింది. బోర్డు మీదా అదే ఉంది. రెడీమేడ్ దుకాణం ముసలాయన రెండు చెంపల నుంచీ చేతులు తీసి మొదటి చప్పట్టు కొట్టాడు. పోయిన వానాకాలంలో తాళంచెవి కోసం ఆయన ఇరవై నిమిషాలు నిలబడాల్సి వచ్చింది, అది ఆయన మర్చిపోలేదు. "దిగు," అన్నాడు. పిన్ని అందుకుంది. క్షణంలో ముప్పైమంది ఒకే లయలో "దిగు, దిగు" అంటున్నారు. పదకొండేళ్ళుగా ఆపుకున్నది అందులో చాలా ఉంది.

పెయింటర్ దిగాడు. తననే అంటున్నారనుకున్నాడు.

గోల విని డాక్టరు చేతిలో సెట్టుని మర్చిపోయి లిఫ్టు ఎక్కిన అధ్యక్షుడు కూడా అదే సమయంలో దిగాడు. తలుపు తెరుచుకుంది. ఆయన రిబ్బను అవతల, మూతికి జేబురుమాలుతో, అద్దాల బీరువాలో పెట్టిన సామానులా నిలబడి ఉన్నాడు.

"దిగు," అంది మార్కెట్.

ఆయన నోరు తెరవబోయి, గుర్తొచ్చి మూసుకున్నాడు. పదకొండేళ్ళలో అధ్యక్షుడు సమాధానం చెప్పకపోవడం అదే మొదటిసారి. ఆగమని చెయ్యి ఊపాడు. వీడ్కోలు చెబుతున్నాడని జనం చేతులు ఊపారు. కాదని తల అడ్డంగా ఆడించాడు. ఇక తన వల్ల కాదంటున్నాడని పిన్ని కళ్ళు ఒత్తుకుంది. చివరికి, ఇదంతా వీడి పని అని చూపించడానికి, నిచ్చెన పక్కనున్న పెయింటర్ వైపు వేలు చాచాడు. ఆ వేలికి తాళంచెవుల గుత్తి ఉంది. మధ్యలో నిలబడ్డ జిరాక్సువాడు రెండు చేతులూ పట్టి దాన్ని వినయంగా అందుకున్నాడు.

చప్పట్లు ఆగేసరికి కొత్త అధ్యక్షుడు ఉన్నాడు. రిబ్బను కూడా వాడే కత్తిరించాడు. చిన్న డబ్బాలో సెట్టు పట్టుకుని డాక్టరు మెట్ల మీదుగా పరిగెత్తుకొచ్చేటప్పటికి, మరుగుదొడ్డి ముందు స్వేచ్ఛగా నిలబడ్డ వరస లిఫ్టు ముందు వరసకన్నా పొడుగైంది.

మధ్యాహ్నం మూడింటికి పాత అధ్యక్షుడు మెట్ల దగ్గరికి వచ్చాడు. పళ్ళసెట్టు ఉంది, ఈల లేదు. పెయింటర్ కుంచెలు డబ్బాలో సర్దుతున్నాడు. కబురు అంది వచ్చిన నిఘంటువు పక్కన నిలబడి, గోడకి ఆనించి పెట్టిన బోర్డుని పరిశీలిస్తున్నాడు.

"ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి?" అన్నాడు పాత అధ్యక్షుడు.

"ఏనుగండి," అన్నాడు పెయింటర్.

"ఏనుగా?"

"దిక్కుని మోసేదండి. గొప్ప గొప్పవాళ్ళని అట్లా అంటారంట."

ఆయన నాలుకతో ముందరి పళ్ళు తడుముకున్నాడు. "పళ్ళు ఉంటాయా దానికి?" అన్నాడు చివరికి.

"రెండండి. పెద్దవి. బయటికే కనిపిస్తాయి."

"ఆ సంగతి పొద్దున చెప్పి ఉండాల్సింది," అని ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. మెట్ల కింది చోటు పదేళ్ళకి. కింద సంతకం ఉంది, ఆ రోజు తారీఖు ఉంది, పొద్దున ఇంటి దగ్గరే పెట్టాడు. లేనిది ముద్ర ఒక్కటే. అది సంఘం ఆఫీసు సొరుగులో ఉంది, సొరుగు తాళంచెవి ఆ గుత్తిలోనే ఉంది. ముద్ర లేని సంతకం చెల్లదని మూడేళ్ళ క్రితం నిబంధన పెట్టింది కూడా ఆయనే.

"పదప్రయోగంలో ఏ దోషమూ లేదు," అన్నాడు నిఘంటువు. "తుడిచిన మరకలో కూడా దీర్ఘం సరిగ్గా కనిపిస్తోంది. మొదటి సంపుటం దొరికి ఉంటే అతిరథుడు అని చెప్పేవాణ్ణి. ఇంత గొడవ ఉండేది కాదు."

పెయింటర్ ఆయన వైపు చూసి, చేతిలో ఉన్న కుంచెని చాలా నెమ్మదిగా డబ్బాలో పెట్టాడు. అక్క మొహం చూసి ఊరుకున్నాడంటారు. అక్క అక్కడ లేదు.

ఈలోగా కొత్త అధ్యక్షుడు టేపు పట్టుకుని వచ్చాడు. తాళంచెవుల గుత్తి అప్పుడే వేలికి తిరుగుతోంది. రెండో మిషను శుక్రవారం వస్తుందట.

"బోర్డు తీసుకెళ్ళకు పెయింటరూ," అన్నాడు. "ఆ ఏనుగు పదమే నాకు మళ్ళీ రాయి. నా పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి, నాకేం భయం లేదు. కాస్త ఈ కొస పట్టుకో."

పెయింటర్ టేపు కొస పట్టుకున్నాడు. ముప్పై అయిదు చదరపు అడుగులు వచ్చింది. మెట్ల వాలు తీసేస్తే, అందులో మనిషి నిటారుగా నిలబడగలిగేది పధ్నాలుగు.